కొత్త టీవీకి పాత వీసీఆర్: పెళ్లి క్యాసెట్ లోపల పెట్టకముందే ఇది చదువు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. విశాఖ మధురవాడ ఫ్లాట్‌లో కొత్త 43 అంగుళాల టీవీ, అటక మీంచి దించిన నాన్నగారి వీసీఆర్, అమ్మానాన్నల 1997 నాటి పెళ్లి క్యాసెట్. ఒకపక్క మూడు రంగుల పిన్నులు, రెండోపక్క హెచ్‌డీఎంఐ ఉన్న వైరు ఒకటి కొని గుచ్చావు, టీవీలో "నో సిగ్నల్" అని వస్తోంది. పెళ్లిరోజుకి అమ్మకి చూపించాలి, టీవీ పాడైందా వీసీఆర్ పాడైందా అని అడిగావు. రెండూ బాగానే ఉండొచ్చు, తప్పంతా ఆ వైరుది. క్యాసెట్ ఇంకా లోపల పెట్టలేదన్నావు చూడు, అది మాత్రం చాలా మంచి పని చేశావు, ఎందుకో తర్వాత చెప్తాను.

నేను దొండపర్తిలో చాలా ఏళ్లు క్యాసెట్లు అద్దెకిచ్చాను, తర్వాత పెళ్లి వీడియోల మిక్సింగ్ చేశాను, ఇప్పుడు అవే క్యాసెట్లు పట్టుకుని అప్పటి పెళ్లికొడుకుల పిల్లలు వస్తున్నారు. అందరి చేతిలోనూ నువ్వు కొన్న వైరే ఉంటది.

సంగతేటంటే, వీసీఆర్ నుంచి వచ్చేది అనలాగ్, అంటే కరెంటు ఎక్కువ తక్కువగా అలలాగా వస్తది, పసుపు పిన్నులో బొమ్మ, తెలుపు ఎరుపుల్లో సౌండు. హెచ్‌డీఎంఐ 2002లో వచ్చింది, దాంట్లో పోయేదంతా డిజిటల్, అంకెలు. మధ్యలో ఒకడు కూర్చుని ఆ అలని అంకెలుగా మార్చాలి, దానికి ఒక చిప్పు కావాలి, చిప్పుకి కరెంటు కావాలి. నీ వైరులో చిప్పు లేదు, కరెంటూ లేదు, ఉత్త రాగి తీగలు. తెలుగు రానివాడి చేతికి ఉత్తరం ఇచ్చి చదవమన్నట్టు ఉంటది టీవీ పరిస్థితి, కాగితం చేతికొచ్చింది కానీ ఏం చేస్తాడు. బిల్లు ఉంటే తిరిగిచ్చెయ్.

మరేటి చెయ్యాలి? ముందు ఏమీ కొనకు. టీవీని జాగ్రత్తగా పక్కకి తిప్పి వెనకాల చూడు, సెల్‌ఫోన్ లైటు వేసుకుని. పసుపు ఎరుపు తెలుపు గుంటలుంటే నీ పని అయిపోయింది, మామూలు ఏవీ కార్డు, అంటే రెండువైపులా మూడు రంగుల పిన్నులున్న వైరు, చాలు. అవి లేకపోయినా "ఏవీ ఇన్" అని రాసిన ఒక్క చిన్న గుండ్రటి రంధ్రం ఉంటదేమో చూడు, హెడ్‌ఫోన్ రంధ్రం లాగే ఉంటది, 3.5 ఎంఎం. ఈమధ్య టీవీలు పల్చబడి మూడు పెద్ద గుంటలకి చోటు లేక ఆ మూడింటినీ దీంట్లోకి కుదించేశారు. ఇది ఉంటే టీవీతో పాటు డబ్బాలో ఒక పొట్టి వైరు వచ్చుంటది, ఒక చివర నల్ల పిన్ను, రెండో చివర మూడు రంగుల ఆడ పిన్నులు. చాలామంది అదేంటో తెలీక డబ్బాతో పాటు పారేస్తారు. మీ అమ్మగారు ఆ డబ్బా దాచే ఉంటారు, అడుగు.

ఆ పొట్టి వైరు పోతే బయట ఏదో ఒకటి కొనేస్తే సరిపోద్ది అనుకోకు. ఆ నల్ల పిన్ను మీద మూడు గీతలు, నాలుగు భాగాలు ఉంటాయి, ఏ భాగంలో బొమ్మ, ఏ భాగంలో ఎర్త్ అన్నది అన్నిట్లో ఒకేలా ఉండదు, పాత హ్యాండీక్యామ్ వైరు అచ్చం ఇలాగే ఉంటది కానీ లోపల వరస వేరే ఉండొచ్చు. అలాంటిది గుచ్చితే బొమ్మ రాదు, స్పీకర్లోంచి బుర్ర్ మని పెద్ద చప్పుడొస్తది. భయపడక్కర్లేదు, ఏమీ కాలిపోదు. ఆ బుర్ర్ మనేది బొమ్మ సిగ్నలే, తప్పు దారిలో సౌండులోకి వెళ్లింది. రంగులు పట్టించుకోకుండా వీసీఆర్ పసుపు పిన్ను తీసి ఎర్రదాంట్లో పెట్టి చూడు, తర్వాత తెల్లదాంట్లో. సగం కేసుల్లో బొమ్మ అలాగే దొరికేస్తది. ఎర్త్ భాగమే మారిపోయి ఉంటే మాత్రం ఎన్ని మార్చినా లాభం లేదు, నీ టీవీ మోడల్‌కి చెప్పిన వైరే కావాలి.

ఇంకో రకం టీవీల్లో పసుపు గుంట ఉండదు, ఆకుపచ్చ గుంట చుట్టూ పసుపు రింగు ఉంటది. పసుపు పిన్ను ఆ ఆకుపచ్చలోనే పెట్టాలి. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లో వస్తే క్యాసెట్ పాతబడి రంగు పోయిందని బెంగపడకు, సోర్స్‌లో "కాంపొనెంట్" అని ఉండిపోయింది, "ఏవీ"కి మార్చు. ఒకాయన ఈ ఒక్కదాని కోసం గాజువాక నుంచి వీసీఆర్ బైకు మీద కట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, పాపం.

వీసీఆర్ వెనకాల కూడా ఒకసారి చూడు. రెండు వరసల పిన్నులుంటాయి, ఒకటి "ఇన్" ఒకటి "ఔట్". మనకి కావల్సింది ఔట్. నవ్వకు, నేనే ఇప్పటికీ తొందరలో ఇన్‌లో గుచ్చేస్తాను. సౌండుకి ఒక్క పిన్నే ఉంటే అది మోనో డెక్కు, అంటే సౌండు ఒక్క దారిలోనే వచ్చే వీసీఆర్, టీవీ వైపు తెల్లదాంట్లో పెట్టు. ఎడమ స్పీకర్‌లోనే సౌండు వస్తే ఒకటి రెండుగా చీలే చిన్న కనెక్టర్ దొరుకుద్ది, అది పెడితే రెండువైపులా వస్తది.

టీవీకి ఏవీ ఇన్ అసలు లేదు, హెచ్‌డీఎంఐలు, యూఎస్‌బీ మాత్రమే ఉన్నాయంటే అప్పుడు కన్వర్టర్ డబ్బా కొనాలి, అగ్గిపెట్టెకి అన్నయ్యలాంటి చిన్న డబ్బా. ఇక్కడే ఎక్కువమంది రెండోసారి మోసపోతారు. ఈ డబ్బాలు రెండు రకాలు, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది ఒకటి, హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది ఇంకోటి. సైజు అదే, రంగు అదే, గుంటలు కూడా అవే, ఒకటి ఇంకోదాని పని చెయ్యదు. షాపులో కుర్రాడు ఏది చేతికందితే అది ఇచ్చేస్తాడు. డబ్బా మీద మూడు రంగుల గుంటల దగ్గర "ఇన్‌పుట్" అని, హెచ్‌డీఎంఐ దగ్గర "ఔట్‌పుట్" అని ఉందా లేదా చూసి, అప్పుడు డబ్బులియ్యి. డాబాగార్డెన్స్ వైపు షాపుల్లో అడిగితే దొరుకుతాయి, వీలైతే అక్కడే ఏదైనా పాత డీవీడీ ప్లేయర్‌కి తగిలించి చూపించమను.

దాంతో వచ్చే పొట్టి యూఎస్‌బీ వైరు కరెంటు కోసమే, బొమ్మ కోసం కాదు. దాన్ని టీవీ యూఎస్‌బీలో కన్నా సెల్ ఛార్జర్‌కి పెట్టు, 5 వోల్టులు 1 ఆంప్ చాలు, టీవీ యూఎస్‌బీ కరెంటు చాలక కొన్నిసార్లు బొమ్మ వస్తా పోతా ఉంటది. పక్కన 720, 1080 అని ఒక బుల్లి స్విచ్ ఉంటది, ఏది పెట్టినా నీకు పెద్ద తేడా తెలీదు. ఎందుకంటే నీ దగ్గరున్న వీహెచ్ఎస్ రకం క్యాసెట్‌లో అడ్డంగా ఉన్న వివరమే సుమారు 240 గీతలు, నీ టీవీ 4కే అయినా అందులో లేనిది ఎక్కణ్నుంచి తెస్తది. పైగా పెళ్లి క్యాసెట్ అంటే కెమెరా క్యాసెట్ కాదు, మిక్సింగ్ చేసిన కాపీ, కొన్నిసార్లు కాపీకి కాపీ. ఎర్ర పట్టుచీర రంగు పక్కకి కారినట్టు కనిపిస్తే అది నీ కనెక్షన్ తప్పు కాదు. హృదయం బొమ్మలో పెళ్లికూతురు మొహం, చుట్టూ పువ్వులు తిరగడం, ఇవన్నీ వస్తే ఆ పాపం మాలాంటివాళ్లదే, అప్పట్లో ఎఫెక్ట్‌లు ఎన్ని ఎక్కువుంటే అంత డబ్బు గిట్టినట్టు లెక్క.

ఈ డబ్బాలు బొమ్మని అడ్డంగా సాగదీస్తాయి కూడా. పాత బొమ్మ 4:3, కొత్త టీవీ 16:9. పంతులుగారితో సహా అందరూ లావుగా కనిపిస్తే టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3 పెట్టు, రెండుపక్కలా నల్లపట్టీలు వస్తాయి, రానీ.

ఇంకో చిక్కు. బొమ్మ బాగానే వస్తా వస్తా ఒక్కసారి నల్లగా అయిపోయి రెండు సెకన్లకి మళ్లీ వస్తది, అదే చోట. మన దేశపు టీవీ సిస్టం పేరు పాల్, సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కోదానికి 625 గీతలు. డెక్కులో హెడ్, అంటే టేపుని చదివే ముక్క, ఉన్న డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరగాలి, టేపు సాగిపోయో నలిగో ఉంటే గీతలు సరైన టైముకి రావు. పాత డబ్బా టీవీలు ఆ వణుకుని సర్దుకుపోయేవి, బొమ్మ పైన కొంచెం వంగినట్టు కనబడేది అంతే. ఈ చౌక కన్వర్టర్లకి అంత ఓపిక లేదు, తాళం తప్పితే స్క్రీన్ నల్లగా చేసేస్తాయి. అందుకే టీవీకి ఏవీ ఇన్ ఉంటే దాన్నే వాడమని నా సలహా. అది లేకపోతే ముందు వీసీఆర్‌లో ట్రాకింగ్ బటన్ తిప్పి చూడు, గీతలు స్క్రీన్ అడుగుకి పోయేదాకా.

మీ బాబాయిగారు అమెరికా నుంచి పంపిన క్యాసెట్ కూడా ఒకటుందన్నావు, అది ఎన్‌టీఎస్‌సీ, అంటే అమెరికా టీవీ సిస్టం, 525 గీతలు. నాన్నగారి డెక్కు పాల్ ఒక్కటే ఆడేదైతే దాంట్లో బొమ్మ నిలబడదు. దాన్ని పక్కన పెట్టు. అలాగే షిప్పుల్లో పనిచేసినవాళ్లు బయటిదేశాల నుంచి తెచ్చిన డెక్కులు మన ఊళ్లో చాలా ఇళ్లల్లో ఉన్నాయి, నీది కూడా అలాంటిదైతే ప్లగ్గు పెట్టేముందు వెనకాల వోల్టేజ్ చదువు. 100 అనో 120 అనో మాత్రమే ఉంటే మన 230లో పెట్టగానే పొగొస్తది.

నీ సెట్‌టాప్ బాక్స్, డీవీడీ ప్లేయర్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, రెండింటికీ హెచ్‌డీఎంఐ ఉందన్నావు కాబట్టి చెరో పోర్టులో పెట్టు. "ఏఆర్‌సీ" అని రాసున్న పోర్టు మాత్రం ఖాళీగా ఉంచు, రేపు సౌండ్‌బార్ కొంటే దానికే కావాలి, టీవీ సౌండు వెనక్కి బయటికొచ్చేది ఆ పోర్టులోంచే. పాత 5.1 హోమ్ థియేటర్‌కి టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఎరుపు తెలుపు వైరు లాగితే పని జరుగుద్ది. ఆ రంధ్రం లేక ఆప్టికల్, అంటే వెలుతురుతో సౌండు పంపే పోర్టు, ఒక్కటే ఉంటే ఇంకో చిన్న కన్వర్టర్ కావాలి, అది పెట్టాక సౌండు రాకపోతే టీవీ సౌండు సెట్టింగులో "పీసీఎం" పెట్టు, దాదాపు ప్రతిసారీ అదే కారణం. డీవీడీ ప్లేయర్ వైరుని వీసీఆర్‌లోకి పెట్టి అక్కణ్నుంచి టీవీకి తియ్యకు. కొన్న సినిమా డీవీడీల్లో కాపీ కాకుండా ఒక అడ్డు పెడతారు, మధ్యలో వీసీఆర్ ఉంటే బొమ్మ వెలుగుతా ఆరతా ఉంటది.

వైర్లు మార్చేటప్పుడు అన్నీ ఆఫ్ చేసి, ప్లగ్గులు పీకి మార్చు. కేబుల్ వైరు చివర ముట్టుకుంటే చేతికి జిల్లుమంటుందని రాశావు కదా, ఆ కరెంటు హెచ్‌డీఎంఐ పోర్టుకి చాలా ప్రమాదం. ఉరుములప్పుడు కూడా స్విచ్ ఆపితే సరిపోదు, కేబుల్ వైరు కూడా పీకెయ్యాలి.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ టీవీ గురించి చెప్పాను గానీ, టీవీ పోతే ఇంకోటి కొనుక్కుంటావు, ఆ క్యాసెట్ పోతే మళ్లీ పెళ్లి చెయ్యలేం కదా.

అటక మీద ఏళ్ల తరబడి పడున్న డెక్కులో రబ్బర్లు జిగురుగా అయిపోతాయి, హెడ్ మీద మసి ఉంటది. అలాంటిదాంట్లో ఆత్రంగా మంచి క్యాసెట్ పెడితే నమిలేస్తది. నేనే చేశాను ఆ తప్పు, ఒక మేడమ్‌గారు వాళ్ల నాన్నగారు మాట్లాడిన ఒకే ఒక్క క్యాసెట్ తెస్తే, ముందురోజు వరకూ బాగా ఆడిన డెక్కే కదా అని పెట్టాను. టేపు లోపల చుట్టుకుపోయింది. అంగుళం అంగుళం బయటికి లాగి, నలిగినంత మేర కోసి అతికించి ఇచ్చాను, ఆవిడ ఏమీ అనలేదు, అంటే బాగుండేది. ఆయన మాటల్లో కొన్ని సెకన్లు పోయాయి. ఆ రోజు నుంచి నా దగ్గర ఒక పనికిరాని సినిమా క్యాసెట్ ఉంటది, ఏ డెక్కులోనైనా ముందు అది అరగంట ఆడాలి, ముందుకి వెనక్కి తిరగాలి, రెండు మూడుసార్లు బయటికి రావాలి. అప్పుడే కస్టమర్ క్యాసెట్. నువ్వూ అదే చెయ్. కనెక్షన్ ప్రయోగాలన్నీ ఆ పాత సినిమా మీదే చెయ్యి, పెళ్లి క్యాసెట్ మీద కాదు.

మన ఊరి గాలి ఇంకో తలనొప్పి. సముద్రం దగ్గర ఇళ్లల్లో, పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వైపు, పిన్నులకి పచ్చగా చిలుము పడుద్ది, బొమ్మలో గీతలు, సౌండులో చిటపటలు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పిన్ను నాలుగుసార్లు గుచ్చి తీస్తే పోద్ది. క్యాసెట్లకి మాత్రం బూజు. హుద్‌హుద్ తుఫాను వచ్చాక, 2014 అక్టోబర్‌లో, తడిసిన క్యాసెట్లు సంచుల్లో తెచ్చారు జనం. నీ క్యాసెట్ కిటికీలోంచి లైటు వేసి చూడు, చుట్ట అంచు నల్లగా నున్నగా మెరవాలి. తెల్లగా పొడిలాగా, బూడిద చల్లినట్టు కనబడితే అస్సలు ప్లే చెయ్యకు. ఆ బూజు హెడ్‌కి అంటుకుంటది, హెడ్ నుంచి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుకుంటది. అది ఇంట్లో చేసే పని కాదు, చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

బొమ్మలో మంచు పడినట్టు చుక్కలుంటే హెడ్ క్లీన్ చెయ్యాలి. ప్లగ్గు పీకి మూత తీసి, మామూలు తెల్లకాగితం ముక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్ముకి మెల్లగా ఆనించి పట్టుకో, రెండో చేత్తో డ్రమ్ము తిప్పు. కాగితం కదపకూడదు, ముఖ్యంగా కిందకీ పైకీ రుద్దకూడదు, హెడ్ వెంట్రుకంత ఉంటది, విరిగిపోద్ది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు వద్దు, పోగులు ఇరుక్కుంటాయి. పవర్ సప్లై వైపు చెయ్యి పెట్టకు, ప్లగ్గు తీసినా కాసేపు అక్కడ కరెంటు నిలవుంటది.

క్యాసెట్ వెన్ను మీద ఎడమపక్క ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటది, అది ఇంకా ఉందంటే విరిచెయ్. పొరపాటున రికార్డ్ నొక్కినా అప్పుడు దానిమీద పడదు. చాలామంది పెళ్లి మీద క్రికెట్ మ్యాచ్ పడింది ఇలాగే.

ఇదంతా అయ్యాక నేనైతే అసలు ఆ కన్వర్టర్ డబ్బాయే కొనను. నీ దగ్గర ల్యాప్‌టాప్ ఉందన్నావు. యూఎస్‌బీ క్యాప్చర్ అని ఒక ముక్క దొరుకుద్ది, ఒకపక్క మూడు రంగుల పిన్నులు, ఇంకోపక్క యూఎస్‌బీ. అది టీవీ యూఎస్‌బీలో పెడితే ఏమీ రాదు, కంప్యూటర్‌కే. వీసీఆర్ నుంచి దాంట్లోకి, దాన్నుంచి ల్యాప్‌టాప్‌లోకి, ల్యాప్‌టాప్ నుంచి మామూలు హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి. ఓబీఎస్ అని ఉచిత సాఫ్ట్‌వేర్, అందులో 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు పెట్టు, సౌండు టీవీలో వినబడాలంటే ఆడియో మానిటరింగ్ ఆన్ చెయ్యాలి, అది మర్చిపోయి సౌండు రాలేదని అందరూ ఫోన్ చేస్తారు. ఇప్పుడు అమ్మ టీవీలో చూస్తున్నదే పక్కనే రికార్డ్ కూడా అవుతా ఉంటది. బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా రాయాలన్నది, 8000 కేబీపీఎస్ పెడితే మూడు గంటల క్యాసెట్‌కి సుమారు 11 జీబీ పడుద్ది. మనుషులు కదిలినప్పుడు అంచులు దువ్వెన పళ్లలాగా కనబడితే డీఇంటర్‌లేస్ అని ఉంటది, ఆన్ చెయ్.

ముందు సినిమా క్యాసెట్‌తో పది నిమిషాలు రికార్డ్ చేసి పెదాలు, మాట కలుస్తున్నాయో లేదో చూసుకో. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చు, ఛార్జర్ పెట్టు, డిస్క్‌లో ఖాళీ చూడు. అప్పుడు పెళ్లి క్యాసెట్ పెట్టు, ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ మొదటికి రివైండ్, టేపు సమంగా చుట్టుకుంటది, తర్వాత ప్లే. ఆ మొదటి ఆట ఆఖరి ఆట అనుకునే రికార్డ్ బటన్ నొక్కు. మధ్యలో పాజ్ పెట్టి అత్తయ్య మొహం చూపించమని ఎవరడిగినా పెట్టకు, పాజ్‌లో హెడ్ ఒకే చోట టేపుని గీకుతా ఉంటది. ఫైల్ వచ్చాక దాన్ని ఎన్నిసార్లయినా ఆపుకోవచ్చు.

అయ్యాక క్యాసెట్ డెక్కులో వదిలెయ్యకు, బయటికి తీసి డబ్బాలో పుస్తకంలాగా నిలబెట్టి పెట్టు, అటక మీద కాదు, బీరువాలో. ఫైల్ ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి మీ అక్కావాళ్ల ఇంట్లో. టీవీ వెనకాలది, వీసీఆర్ వెనకాలది రెండు ఫోటోలు తీసి పెట్టు, ఏ పిన్ను ఎందులోనో గుర్తుపెట్టి చెప్తాను.